తక్కువ కోత, తక్కువ మందు: నాకు వైద్యం చేసిన రొమ్ము క్లినిక్ గురించి

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం పూర్తయ్యాక, ఆ క్లినిక్ ఎలా ఉందో రాయమని తెలిసినవాళ్ళు చాలామంది అడిగారు. పేరు మాత్రం రాయను. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. పైగా నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్క ఆస్పత్రికే పరిమితమైన విషయం కాదు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) దగ్గర్నుంచి బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం), ఆపరేషన్, రేడియేషన్, మాత్రల దాకా ఒకే బృందం ఒకే చోట చూసే ఏర్పాటు గురించి రాస్తున్నాను. అలాంటి చోటికి మీరు వెళ్ళాల్సివస్తే ఏం ఆశించాలో, ఏం అడిగి తీసుకోవాలో తెలియాలన్నదే నా ఉద్దేశం.

నాకు యాభై ఏడేళ్ళు. చేసేది ఆడిటింగ్. వోచరు చూపించనిదే ఏ ఖర్చు మీదా సంతకం పెట్టను. డాక్టర్లనూ అలాగే అడిగాను: ఇది ఎందుకు చేస్తున్నారు, దేన్ని బట్టి చేస్తున్నారు? ఈ క్లినిక్‌కు నేనిచ్చే పెద్ద మార్కు ఇక్కడే. అడిగిన ప్రతిసారీ ఆధారం చూపించారు, విసుక్కోలేదు. చూపించిన ఆధారాల్లో చాలావరకు “ఇది మీకు అక్కర్లేదు” అని చెప్పేవే. పరిశోధన అనగానే కొత్త యంత్రం, కొత్త మందు గుర్తొస్తాయి. రొమ్ము క్యాన్సర్ విషయంలో యాభై ఏళ్ళుగా పరిశోధన చేసిన గొప్ప పని ఇంకొకటుంది. ఆడవాళ్ళ ఒంటి మీద అనవసరంగా జరుగుతున్నవాటిని ఒక్కొక్కటిగా ఆపించింది. నా వైద్యంలో నాకు దక్కిన మేలు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చింది.

ముందు మామోగ్రామ్. నాకు గడ్డ చేతికి తగల్లేదు, నొప్పి లేదు, ఏ లక్షణమూ లేదు. వయసును బట్టి రెండేళ్ళకోసారి తీయించుకునే పరీక్షలో బయటపడింది. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, కొన్ని క్షణాలు గట్టిగానే నొప్పి పుడుతుంది. టెక్నీషియన్ అమ్మాయి నొక్కకముందే చెప్పింది: “అమ్మా, పల్చగా పరుచుకుంటేనే లోపలిదంతా ఒకదాని మీద ఒకటి పడకుండా కనిపిస్తుంది. రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. భరించలేకపోతే చెప్పండి, ఆపేస్తాను.” కారణం తెలిశాక అదే నొప్పిని ఓర్చుకోవడం తేలికైంది. రేడియేషన్ ఎంతని అడిగితే ఆ అంకె కూడా చెప్పింది. పరీక్ష మొత్తానికి సుమారు 0.4 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి మనందరికీ మామూలుగా దాదాపు రెండు నెలల్లో తగిలేంత.

వెయిటింగ్ హాల్లో పెట్టిన కరపత్రం ఈ క్లినిక్‌లో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. మామోగ్రామ్ వల్ల లాభమేంటో, నష్టమేంటో రెండూ సమానంగా రాశారు. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్ కోసి తీసేసిన మూడు వేల రొమ్ములకు ఎక్స్‌రే తీసి చూడటం నుంచి కథ మొదలవుతుంది. బతికున్నవాళ్ళకు ఇది మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. 1963లో న్యూయార్క్‌లో సుమారు 62,000 మందితో మొదటి పెద్ద ట్రయల్, అంటే మనుషులను జట్లుగా విడదీసి పోల్చి చూసే పరిశోధన, మొదలైంది. 1977లో స్వీడన్‌లోని రెండు జిల్లాల్లో మొదలైన ట్రయల్, పరీక్షకు పిలిచిన ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు 31 శాతం తక్కువగా ఉన్నాయని 1985లో ప్రకటించింది. ఆ తర్వాతి ట్రయల్స్ అన్నిటిలోనూ అంత లాభం కనిపించలేదన్న సంగతీ, ఎన్నటికీ ప్రాణం తీయని క్యాన్సర్‌ను కూడా పట్టుకుని వైద్యం చేసేసే ప్రమాదముందన్న సంగతీ కరపత్రం దాచలేదు. నష్టం కూడా చెప్పినవాళ్ళ మాట మీదే నాకు నమ్మకం కుదురుతుంది.

నాకు తీసింది త్రీడీ మామోగ్రామ్, అంటే టోమోసింథసిస్. ఎక్స్‌రే గొట్టం రొమ్ము చుట్టూ వంపుగా కదులుతూ చాలా చిన్న మోతాదుల్లో వరసగా బొమ్మలు తీస్తుంది. వాటిని కంప్యూటరు మిల్లీమీటరు మందపు పొరలుగా పేర్చి చూపిస్తుంది. అమెరికాలో 2011లో దీనికి అనుమతి వచ్చింది. రేడియాలజిస్టు గారు నా బొమ్మలు తెర మీద పెట్టి చూపించారు. మామూలు బొమ్మలో తెల్లటి మబ్బు తప్ప నాకేమీ కనబడలేదు. పొరలు ఒక్కొక్కటే జరుపుతూ పోతే ఒకచోట సన్నటి గీతలన్నీ ఒక బిందువు వైపు లాక్కుపోయినట్టు కనబడ్డాయి. ఆ ముందు పొరలోనూ లేవు, తర్వాతి కొన్ని పొరలు దాటితే మళ్ళీ లేవు. గడ్డ 14 మిల్లీమీటర్లు.

ఆ క్లినిక్‌లో కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ కూడా వాడుతున్నారు. యంత్రం చూసి చెప్పేస్తుందేమోనని మా ఆయన భయపడ్డారు. అలా కాదు. సాఫ్ట్‌వేర్ ప్రతి మామోగ్రామ్‌కూ రిస్క్ మార్కు వేస్తుంది. తక్కువ వచ్చినవి ఒక డాక్టరు చూస్తారు, ఎక్కువ వచ్చినవి ఇద్దరు చూస్తారు. స్వీడన్‌లోని మసాయ్ ట్రయల్‌లో 80,000 మందికి పైగా ఆడవాళ్ళ మీద ఈ పద్ధతిని పోల్చి చూశారు. 2023లో వచ్చిన మొదటి ఫలితాల ప్రకారం బొమ్మలు చదివే పని 44 శాతం తగ్గింది. క్యాన్సర్లు పట్టుకోవడం తగ్గలేదు సరికదా, వెయ్యికి 5.1 నుంచి 6.1కి పెరిగింది. నా బొమ్మకు ఎక్కువ మార్కు పడింది, ఇద్దరు చూశారు.

మళ్ళీ రమ్మని పంపిన ఉత్తరం మాత్రం అస్సలు బాగాలేదు. “మరిన్ని పరీక్షలు అవసరం, ఫలానా తేదీకి రండి” అని ఉంది, అంతే. అలా పిలిపించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఆ ఒక్క వాక్యం ఉత్తరంలో చేర్చడానికి పరిశోధనేం అక్కర్లేదు. నాకు ఉందనే తేలింది, అయినా పక్క కుర్చీలో ఏడుస్తూ కూర్చున్న చిన్నమ్మాయికి అది నీటితిత్తి అని అరగంటలో చెప్పి పంపేశారు. ఆ పిల్ల అన్ని రాత్రులు ఎలా గడిపిందో.

బయాప్సీ బాగా చేశారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మత్తు సూది ఇచ్చి, బోలు సూదితో సన్నటి ముక్కలు తీశారు. సూది వదిలినప్పుడు గట్టిగా టక్కుమంటుంది. నర్సు ఆ చప్పుడు ముందే ఒకసారి వినిపించింది, అందుకని ఉలిక్కిపడలేదు. చివర్లో ఆ చోటు గుర్తు కోసం గింజ కన్నా చిన్న టైటానియం క్లిప్ వదిలారు. ఇదివరకు గడ్డ ఏమిటో తెలియాలంటే కోసి తీయాల్సిందే. మత్తులోకి వెళ్ళిన మనిషికి, లేచాక రొమ్ము ఉంటుందో లేదో తెలియని రోజులుండేవి. ఇప్పుడు ఆపరేషన్ మాట రాకముందే ఏ రకమో చేతికొస్తుంది.

ఆ రిపోర్టు డాక్టరు ఫోను చేయకముందే, సాయంత్రం వేళ, మొబైల్ యాప్‌లోకి వచ్చిపడింది. ఇది రెండో ఫిర్యాదు. దాచమనడం లేదు. డాక్టరు మాట్లాడగలిగే వేళకు విడుదల చేయమంటున్నాను.

రిపోర్టు మొదటి వాక్యంలో “కార్సినోమా” (క్యాన్సర్) అన్న మాట దగ్గరే ఎవరి కళ్ళయినా ఆగిపోతాయి. అసలు సమాచారం దాని కిందుంది. ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) 90 శాతం, పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) 70 శాతం, హెర్2 (కణాన్ని పెరగమని ఉసిగొల్పే ప్రోటీన్) ఒకటి ప్లస్, అంటే తక్కువే. ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) మేడం ఒక్కొక్క వరసకూ ఒక్కొక్క చరిత్ర చెప్పారు. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్, అంటే ఆ హార్మోన్ తాళంచెవిలా పట్టే తాళం లాంటిది, కణాల్లో ఉందని కనిపెట్టింది షికాగోలో ఎల్వుడ్ జెన్సన్. ఆ తాళానికి అడ్డుపడే టమాక్సిఫెన్‌ను బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ అనే కెమిస్టు 1962లో తయారుచేశారు. అప్పుడు వాళ్ళు వెతుకుతున్నది గర్భనిరోధక మందు కోసం! ఆ పనికి అది ఉపయోగపడలేదు. రిసెప్టర్ ఉన్న క్యాన్సర్లలో అయిదేళ్ళు వాడితే రొమ్ము క్యాన్సర్ చావులను దాదాపు మూడోవంతు తగ్గిస్తుందని తర్వాత తేలింది. హెర్2 ఎక్కువగా ఉన్న క్యాన్సర్ దూకుడుగా ఉంటుందని 1987లో డెన్నిస్ స్లామన్ బృందం చూపించింది. దాన్నే గురిపెట్టే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అనుమతి వచ్చింది. తొలిదశ రోగులకు కూడా కీమోతో కలిపి ఇస్తే తిరగబెట్టడం సుమారు సగానికి తగ్గుతుందని 2005లో ట్రయల్స్ చెప్పాయి. ఒకప్పుడు అందరూ భయపడిన రకం ఇప్పుడు మందులు ఎక్కువగా ఉన్న రకం. నాది హెర్2 నెగటివ్ కింద లెక్క, అందుకని ఆ మందు నాకు అక్కర్లేదు. “అక్కర్లేదు” అన్న మాట నేను విన్నది అదే మొదటిసారి.

రెండోసారి సర్జన్ గారి దగ్గర విన్నాను. ఆవిడ కాగితం మీద రొమ్ము బొమ్మ గీసి, గడ్డ చుట్టూ చిన్న సున్నా చుట్టి, “ఇంతే తీస్తాను” అన్నారు. నేను వెంటనే మొత్తం తీసేయమన్నాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడకు రొమ్ముతో పాటు ఛాతీ కండరం, చంకలో గ్రంథులు అన్నీ తీసేశారు. చెయ్యి జీవితాంతం వాచే ఉండేది. జడ వేసుకోవడానికి ఆ చెయ్యి పైకి లేచేది కాదు, మా అమ్మే వేసేది. అంత చేస్తేనే బతికారని మా ఇంట్లో అందరి నమ్మకం.

సర్జన్ గారు నా మాట కొట్టిపారేయలేదు. కూర్చోబెట్టి చెప్పారు. ఆ పెద్ద ఆపరేషన్ అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1882లో మొదలుపెట్టింది. క్యాన్సర్ చుట్టుపక్కలకు క్రమంగా పాకుతుంది కాబట్టి ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్నది ఆయన సిద్ధాంతం. దాదాపు తొంభై ఏళ్ళు దాన్ని ఎవరూ సరిగా పరీక్షకు పెట్టలేదు. బెర్నార్డ్ ఫిషర్ అనే ఇంకో అమెరికా సర్జన్ పెట్టారు. 1971లో మొదలైన ట్రయల్‌లో కండరం తీయడం వల్ల అదనంగా ఎవరి ప్రాణమూ నిలవలేదని తేలింది. 1976లో మొదలైన ఇంకో ట్రయల్‌లో 1,851 మందిని మూడు జట్లుగా చేశారు: రొమ్మంతా తీయడం, గడ్డ మాత్రమే తీయడం, గడ్డ తీసి రేడియేషన్ ఇవ్వడం. ఇరవై ఏళ్ళ లెక్క 2002లో వచ్చింది. మూడు జట్లలోనూ బతికినవాళ్ళ శాతంలో తేడా లేదు. గడ్డ మాత్రమే తీసినవాళ్ళలో 39 శాతం మందికి అదే రొమ్ములో తిరిగి వచ్చింది. రేడియేషన్ కూడా ఇచ్చినవాళ్ళలో 14 శాతం మందికే వచ్చింది. మిలాన్‌లో ఉంబర్టో వెరొనేసి 701 మందితో చేసిన ట్రయల్ కూడా అదే ఏడాది, ఇరవై ఏళ్ళ తర్వాత బతికినవాళ్ళలో తేడా లేదనే చెప్పింది.

“మొత్తం తీసేయమంటే తీస్తాను, అది మీ ఇష్టం. కానీ దానివల్ల ఎక్కువ కాలం బతుకుతానని మాత్రం అనుకోకండి” అన్నారు సర్జన్ గారు. ఇంటికి వెళ్ళి ఆ ట్రయల్స్ లెక్కల పట్టిక మళ్ళీ మళ్ళీ చూశాను. ఇరవై ఏళ్ళు విడవకుండా వెంటబడి లెక్క తేల్చినవాళ్ళ మీద గౌరవం కలిగింది. పెద్దమ్మ మీద దుఃఖం కూడా కలిగింది. గడ్డ మాత్రమే తీయించుకున్నాను.

చంక దగ్గర కూడా అంతే. గ్రంథులన్నీ ఊడ్చేయకుండా, రొమ్ము నుంచి ద్రవం ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులను నీలిరంగు, స్వల్ప రేడియోధార్మిక మందు సాయంతో గుర్తుపట్టి వాటినే తీస్తారు. దీన్ని రొమ్ముకు తెచ్చినవాళ్ళు 1990ల మొదట్లో సర్జన్లు డేవిడ్ క్రాగ్, అర్మాండో జూలియానో. మూత్రం ఒక రోజు పచ్చనీలంగా వస్తుందని నర్సు ముందే చెప్పింది, అలాగే వచ్చింది. రెండు గ్రంథులు తీశారు, రెండూ శుభ్రంగా ఉన్నాయి. 2023లో వచ్చిన సౌండ్ ట్రయల్ ప్రకారం, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి అల్ట్రాసౌండ్‌లో చంక బాగుంటే ఇది కూడా మానేయవచ్చట. నాకూ మానేయొచ్చు కదా అని అడిగాను. తర్వాతి మందుల నిర్ణయానికి గ్రంథుల సంగతి తెలిస్తే మంచిదని ఈ బృందం అనుకుంది, నేను ఒప్పుకున్నాను. నా చెయ్యి వాయలేదు.

కీమో దగ్గరే నేను ఎక్కువ వణికాను. ఇక్కడ క్లినిక్ తన తరఫున ఏ సిఫార్సూ చేయకుండా, గడ్డలోంచి తీసిన ముక్కను 21 జన్యువుల పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగింది. క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును అంచనా వేసే ఆ పరీక్షలో నా స్కోరు 17. ఈ అంకెకు అర్థం చెప్పింది టేలర్ఎక్స్ ట్రయల్. హార్మోన్ రిసెప్టర్ ఉండి, హెర్2 నెగటివ్‌గా ఉండి, గ్రంథులకు పాకని క్యాన్సర్ ఉన్నవాళ్ళలో స్కోరు 11 నుంచి 25 మధ్య వచ్చిన 6,711 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు హార్మోన్ మాత్రలు మాత్రమే, ఇంకో జట్టుకు కీమో కూడా. 2018లో ఫలితం వచ్చింది. తొమ్మిదేళ్ళకు క్యాన్సర్ తిరగబెట్టకుండా, కొత్తది రాకుండా బతికున్నవాళ్ళు మాత్రల జట్టులో 83.3 శాతం, కీమో జట్టులో 84.3 శాతం. తేడా లేనట్టే. యాభై ఏళ్ళ లోపువాళ్ళలో, స్కోరు 16 పైన ఉంటే మాత్రం కీమో వల్ల కొంత మేలు కనబడింది. కాబట్టి నా స్కోరే వచ్చిన నలభై అయిదేళ్ళ మనిషికి డాక్టరు వేరే మాట చెప్పొచ్చు. ఇది చదివి ఎవరూ సొంత నిర్ణయం తీసుకోవద్దు.

నా జుట్టు నాకుంది, ఉద్యోగం మానలేదు. దానికి కారణం, ముక్కూ మొహం తెలియని కొన్ని వేలమంది ఆడవాళ్ళు. క్యాన్సర్ ఉందని తెలిసి భయంతో ఉన్న సమయంలో, తమకు కీమో ఇవ్వాలా వద్దా అన్నది లాటరీ మీద తేలడానికి వాళ్ళు సంతకం పెట్టారు. అది ఎంత ధైర్యమో ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. ఈ క్లినిక్ నన్నూ అడిగింది: మిగిలిన ముక్కను పరిశోధనకు దాచుకోవచ్చా అని. ఫారం మొత్తం చదివి సంతకం పెట్టాను. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులో స్పష్టంగా రాసి ఉంది.

రేడియేషన్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, సాఫీగా జరిగింది. అయిదు వారాల పాటు ఇచ్చే కోర్సును మూడు వారాలకు కుదించవచ్చని బ్రిటన్‌లోని స్టార్ట్ ట్రయల్స్ చెప్పాయి. 4,096 మందితో చేసిన ఫాస్ట్ ఫార్వర్డ్ ట్రయల్ 2020లో ఒక్క వారమే చాలంది. నాకు మూడు వారాలిచ్చారు. నాది ఎడమ రొమ్ము. గట్టిగా గాలి పీల్చి పట్టి ఉంచితే గుండె వెనక్కి జరుగుతుంది, ఆ క్షణంలోనే యంత్రం పనిచేస్తుంది. ఊపిరి బిగపట్టడం ముందే సాధన చేయించారు.

పెద్దమ్మ సంగతి విని జన్యు పరీక్ష కూడా చేశారు. జన్యు శాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ 1990లో జాడ పట్టిన బీఆర్‌సీఏ1 జన్యువులో గానీ, బీఆర్‌సీఏ2లో గానీ (దోషముంటే రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే జన్యువులివి) నాకు దోషం లేదు. కౌన్సెలర్ ఫలితం చెప్పేముందు, అది మా చెల్లెలికీ మా అమ్మాయికీ ఏమవుతుందో కూడా వివరించారు. బాగుంది.

మాత్రల దగ్గర క్లినిక్ జారిపోయింది. లెట్రోజోల్ చీటీ రాసి అయిదు నిమిషాల్లో పంపేశారు. మెనోపాజ్ తర్వాత ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని ఆపే మందు ఇది. ఏళ్ళ తరబడి రోజూ వేసుకోవాలి. పొద్దున లేవగానే వేళ్ళు ముడవలేకపోయాను, మోకాళ్ళు పట్టేశాయి. అది మందు వల్లేనని, చాలామందికి వస్తుందని ముందు చెప్పలేదు. ఎముకలు పల్చబడతాయి కాబట్టి సాంద్రత పరీక్ష చేయాలని నేనే అడగాల్సి వచ్చింది. క్రమం తప్పని వ్యాయామంతో ఈ నొప్పులు తగ్గుతాయని అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లోనే ట్రయల్ చేసి చూపించారు. నాకూ నడక, బరువులెత్తడం మొదలుపెట్టాక తగ్గాయి. నొప్పికి తాళలేక మాత్ర మానేసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. మానేస్తే ముందు చేసిన శ్రమంతా వృథా అయ్యే ప్రమాదముంది. ఆపరేషన్ ముందు గంటసేపు మాట్లాడిన క్లినిక్, మాత్రకు పావుగంట ఇవ్వలేదా?

ఇంకొక లోటు, అన్నిటికన్నా పెద్దది. రొమ్ము సాంద్రతను ఏ నుంచి డి వరకు నాలుగు రకాలుగా రాస్తారు. డి అంటే బాగా దట్టమైనది. దట్టమైన కణజాలమూ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి కాబట్టి మామోగ్రామ్‌లో దాగిపోవచ్చు. నాది సి. మా చెల్లెలికి అక్కడే తీయిస్తే డి అని వచ్చింది. రిపోర్టులో ఆ అక్షరం వేసి వదిలేశారు, ఏం చేయాలో లేదు. నెదర్లాండ్స్‌లో డెన్స్ ట్రయల్ సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే చేశారు. 40,000 మందికి పైగా పాల్గొన్నారు. మామోగ్రామ్ నార్మల్ అని వచ్చి, తర్వాతి పరీక్షలోగా బయటపడిన క్యాన్సర్లు మామోగ్రామ్ ఒక్కటే ఉన్నవాళ్ళలో వెయ్యికి 5, ఎంఆర్‌ఐకి పిలిచినవాళ్ళలో 2.5 అని 2019లో ప్రకటించారు. ఎంఆర్‌ఐకీ నష్టముంది. మొదటి విడతలో వెయ్యికి సుమారు 80 మందిని క్యాన్సర్ లేకపోయినా అనుమానించారు. రెండూ చెప్పి, నిర్ణయం మా చెల్లెలికి వదిలిపెట్టాలి కదా.

కౌంటర్లో అడిగితే “నార్మల్ వచ్చింది కదండీ, రెండేళ్ళ తర్వాత రండి” అన్నారు. ఆ ట్రయల్ వివరాలు జతచేసి రేడియాలజిస్టు గారికి ఉత్తరం రాశాం. ఆయన ఫోను చేసి మా చెల్లెలితో మాట్లాడి, ఎంఆర్‌ఐకి తేదీ ఇచ్చారు. డి అని వచ్చిన ప్రతి మనిషికీ ఆ ఫోను క్లినిక్ నుంచే వెళ్ళేదాకా ఈ విభాగానికి నేను సగం మార్కులే వేస్తాను.